వేంగి రాగిరేకులపై పురాణము, చరిత్రము

భీమడోలు రైలుస్టేషనులో దిగి ఉత్తరముగా సుమారు పదిహేను కిలోమీటర్లు పోయినచో ద్వారకాతిరుమల కొండ వచ్చును. ఏలూరుకు, తాడేపల్లిగూడెమునకు నడుమనున్న ఈ చిన్న స్టేషనును యాత్రికులు చిన్నతిరుపతి వాకిలిగానే ఎరుగుదురు. కొండపై ఆలయకథ వినువారికి ఒక విశేషము తోచును. ద్వారకుడను ముని తపస్సునకు మెచ్చి స్వామి పుట్టలో స్వయంభువుగా వెలసెనని, ఇందుమతీ స్వయంవరమునకు పోవుచు అజమహారాజు ఈ దారిన నడచెనని, పుట్టలో మునిగియున్న స్వామి పాదములు పూజకు అందవు గనుక రామానుజాచార్యులు వెనుక మరియొక పూర్ణవిగ్రహమును ప్రతిష్ఠించిరని, విమాన మంటప గోపుర ప్రాకారములను మైలవరము జమీందారు ధర్మా అప్పారావు (1762–1827) కట్టించెనని, ఇవన్నియు ఒకే ఊపిరిలో చెప్పబడును. చెప్పు అర్చకునికి గాని, చేతులు జోడించి విను గృహస్థునకు గాని, నడుమ ఎక్కడను గీత కనబడదు.

గృహస్థుని వెంట వచ్చిన బడిపిల్లవానికి మాత్రము గీత కనబడును. వాని నోటుపుస్తకములో ప్రాచీనకాలమునకు సంబంధించిన ఆంగ్లపదముల పట్టిక యొకటి ఉండును. ఎడమవైపున హిస్టరీ, మిత్, ఎరా, డైనాస్టీ, ఇన్‌స్క్రిప్షన్, మాన్యుమెంట్. కుడివైపున వరుసగా చరిత్ర, పురాణము, యుగము, వంశము, శాసనము, కట్టడము. ఆ పట్టిక ప్రకారము ధర్మా అప్పారావు చరిత్రకు చెందినవాడు, అజమహారాజు పురాణమునకు చెందినవాడు. 'మిత్' అనగా జరుగని కథయని ఉపాధ్యాయుడు అదివరకే చెప్పియున్నాడు. కనుక కుడివైపునున్న పురాణమను మాటకును అదే అర్థము సంక్రమించును. ఎవ్వరును వాదింపకయే, ఖండింపకయే, ఒక్క సమానార్థక చిహ్నముతో ఒక శాస్త్రము అసత్యమైపోయినది. ఇది పట్టిక వ్రాసినవాని ద్వేషమని అనుటకు వీలులేదు. వానికి ఆ స్థానమున వేరొక మాట దొరకలేదు. అయినను ఫలితము ఫలితమే. ఆ పిల్లవాడు పెద్దవాడైన పిమ్మట రెండు దారులలో ఒకదానిని పట్టును. పురాణమంతయు కల్పితమని విడుచుట ఒకటి, చరిత్రకారులందరును ద్రోహులని తిట్టుట రెండవది. రెండును ఆ పట్టిక పెట్టిన బిడ్డలే.

ఈ కొల్లేటి సీమయే ఒకప్పుడు వేంగీదేశము. ఇచ్చటి రాజులు రాగిరేకులపై తమ గతమును తామే వ్రాయించుకొనిరి. ఆ రేకులలో ఈ మాటలకు ఏ పని ఉండెనో చూచుట పట్టికను దిద్దుటకు తగిన మార్గము.

ముందుగా మాటల పుట్టుక. 'హిస్టరీ' అను మాటకు మూలము గ్రీకుల 'హిస్తోరియా'. దానికి విచారణ, అడిగి తెలిసికొనుట అని అర్థము. క్రీ.పూ. 5వ శతాబ్దిలో హెరొడోటస్ తన గ్రంథమును ఆ మాటతోనే పరిచయము చేసెను. అది గతమునకు పేరు కాదు, గతమును గూర్చి ప్రశ్నించు వ్యాపారమునకు పేరు. 'మిత్' మూలమైన 'మూథోస్' హోమరు కావ్యములలో అసత్యము కాదు. సభలో పలికిన పలుకు. తరువాతి తత్త్వవేత్తలు, చరిత్రకారులు దానిని క్రమముగా కట్టుకథ అను అర్థమునకు దించిరి. అనగా పురాణమునకు పట్టిన గతి అంతకు చాలముందే గ్రీసుదేశమున మూథోస్‌కు పట్టినది.

సంస్కృతమునందు మాటల నడక వేరు. ఇతి, హ, ఆస అను మూడు ముక్కలు కలిసి ఇతిహాసమైనది. ఇట్లే గదా ఉండెను అని దాని భావము. ఒకరు చెప్పగా మరియొకరు నమ్మి అందుకొన్న వాక్యమే ఒక నామవాచకమైనది. పురాణశబ్దమునకు యాస్కుడు నిరుక్తమున ఇచ్చిన వ్యుత్పత్తిలో పాత, కొత్త అను రెండును కలవు. ఎప్పటిదో అయియు కొత్తగా ఉండునదని పెద్దలు దానిని వివరింతురు. ఇక చరిత్రము 'చర' ధాతువు నుండి వచ్చినది. చరించుట అనగా నడచుట, చరిత్రము నడవడి. ఏ సంవత్సరమున ఏమి జరిగినదను ప్రశ్నకు ఆ మాట మొదట సమాధానము కాదు. ఎట్లు నడచుకొనెను అను ప్రశ్నకు సమాధానము. సచ్చరిత్రుడు అనునప్పుడు తెలుగువారు నేటికిని ఆ పాత అర్థముననే వాడుచున్నారు.

ఆ మాటను హిస్టరీకి ఎదురుగా స్థిరముగా కూర్చుండబెట్టిన యత్నములలో 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి కృషి ముఖ్యమైనది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రోత్సాహముతో చిలుకూరి వీరభద్రరావు వ్రాసిన 'ఆంధ్రుల చరిత్రము' ప్రథమభాగము 1910లో వెలువడినది. ఆ తరమువారు శాసనములను వెదకి, నకళ్ళు తీసి, తెలుగున చదివించిన మహనీయులు. నడవడి అను పాత అర్థము వారి చేతిలో మాయలేదు. ఒక జాతి నడవడి అను క్రొత్త అర్థమును తొడుగుకొన్నది. చిక్కు వచ్చినది చరిత్ర అను మాటతో కాదు, దాని ప్రక్క గదిలో పురాణమును 'మిత్'కు అప్పగించుటతో.

ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయమున నారదుడు సనత్కుమారుని సన్నిధికి వచ్చి తాను చదివిన విద్యలను ఏకరువు పెట్టును. నాలుగు వేదముల తరువాత ఐదవదిగా ఇతిహాసపురాణములను చెప్పును. రెండింటిని ఒక జంటగా చెప్పుట గమనింపదగినది. సనత్కుమారుడు విని, నీవు చదివినదంతయు నామమే అనును. భక్తులు ఈ ఘట్టమును అపరవిద్యకు తిరస్కారముగా చదువుట కలదు. కాని గురువు నామమును త్రోసివేయలేదు. దానిని ఉపాసింపుమనియే చెప్పి, నామముకన్న అధికమైనదానికి మెట్టుమెట్టుగా ఎక్కించెను. మాట ఎచ్చటివరకు పనిచేయునో తెలిసికొని వాడుట ఆ ఉపాసనలో మొదటి మెట్టు.

ఇప్పుడు యుగమను మాట. రాతియుగము, ఇనుపయుగము అని పాఠశాలలో విన్న బిడ్డకు ఇంటిలో కృత త్రేతా ద్వాపర కలియుగములు వినబడును. కలియుగమొక్కటియే 4,32,000 సంవత్సరములు. ఒకే మాటతో ఇన్ని కొలతలు చేయుట గజముతో తూకము వేయుట వంటిది. శాస్త్రవ్యవహారమున యుగము వేరు, శకము వేరు. యుగము ధర్మస్థితిని బట్టి చేసిన విభాగము. శకము లెక్కకొరకు పెట్టుకొన్న మొదలు. 'ఎరా' శకమే గాని యుగము కాదు. ఆ ఆంగ్లపదమునకు మూలము లాటినులో రాగిని, కంచును చెప్పు మాట. లెక్క పెట్టుటకు వాడిన లోహపు బిళ్ళల నుండి సంవత్సరముల లెక్కకు ఆ పేరు వచ్చినది. రాగిరేకులపై శకవర్షములు చెక్కించిన వేంగీరాజుల దేశమున ఈ సంగతి వినుటకు ముచ్చటగా ఉండును.

రెండు లెక్కలను ఒకేచోట వాడిన శాసనమొకటి ఈ సీమకు సంబంధించినదే కలదు. బాదామి చాళుక్య చక్రవర్తి రెండవ పులకేశి విజయములను కీర్తించుచు రవికీర్తియను జైనకవి రచించిన ఐహోళె ప్రశస్తి అది. నేటి కర్ణాటకలో మేగుటి జైనాలయపు గోడపై ఉన్నది. అందు పులకేశి పిష్టపురమును, అనగా నేటి పిఠాపురమును, గెలిచిన వెంటనే కునాల జలములు హతులైన యోధుల రక్తముచే ఎఱ్ఱబడెనని వర్ణన కలదు. ఆ కునాలము కొల్లేరేయని చరిత్రకారులు గుర్తించిరి. కొల్లేటి గట్టున నేడు కొంగలను, గూడబాతులను చూచి ఆనందించు యాత్రికునకు ఆ నీటిపై అట్టి దినము ఒకటి గడచెనని తోచదు. ఆ యుద్ధము వెంటనే పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు ఈ దేశమునకు వచ్చెను. తూర్పు చాళుక్యుల వేంగీరాజ్యము అతనితో ఆరంభమైనది.

ప్రశస్తి తుదిని రవికీర్తి కాలమును చెప్పిన రీతి ఇది: భారతయుద్ధము నుండి 3735 సంవత్సరములు గడచినవి, కలికాలమున శకరాజుల సంవత్సరములు 556 గడచినవి. రెండును క్రీ.శ. 634కే సరిపోవును. వైదికుల ఇతిహాసములోని యుద్ధమును ఒక జైనకవి కాలగణనకు మొదటి గుర్తుగా తీసికొనెను. ప్రక్కనే లౌకికమైన శకమును కూడ వ్రాసెను. భారతయుద్ధపు సంవత్సరము నేటి పరిశోధకులకు అంగీకారమగునా కాదా అనునది వేరు ప్రశ్న. రవికీర్తి కాలపు చదువరికి మాత్రము అది 'మిత్' కాదు, లెక్క. ఆ లెక్క ప్రక్కన శకమును వ్రాయుటకు అడ్డు రాలేదు.

శాసనమను మాటను పట్టిక ఇంకను చిన్నది చేసినది. 'ఇన్‌స్క్రిప్షన్' అనగా ఒకదానిపై వ్రాసినది, చెక్కినది, అంతవరకే. శాసనము 'శాస' ధాతువు నుండి వచ్చినది, ఆజ్ఞ. శిష్యుడు, శాస్త్రము అను మాటలు దాని తోబుట్టువులే. ఏలూరుకు ఉత్తరముగా సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరమున పెదవేగి ఉన్నది. అదియే ప్రాచీన వేంగీపురము. చాళుక్యులకు ముందు శాలంకాయనులు అచ్చటి నుండి ఏలిరి. 4వ శతాబ్దిలో సముద్రగుప్తుని దక్షిణదిగ్విజయమును చెప్పు అలహాబాదు స్తంభశాసనమున వేంగి ప్రభువు హస్తివర్మ పేరు కలదు. అదే వంశమున అశ్వమేధయాజియని పేరొందిన దేవవర్మ వేంగీపురము నుండి వెలువరించిన ప్రాకృత తామ్రశాసనము ఏలూరు గ్రామమును ఉద్దేశించినది. రాజు చిత్రరథస్వామి పాదభక్తుడననియు, ఒక బ్రాహ్మణునకు భూమి ఇచ్చితిననియు, గ్రామస్థులు అతనికి చేయవలసినవి చేయుడనియు చెప్పును. ఏలూరను ఊరు తన పేరును అంత పూర్వకాలమున విన్నది ఒక ఆజ్ఞలో. ఎవరో వ్రాసిపెట్టుకొన్న జ్ఞాపకములో కాదు. ఆజ్ఞకు సంబోధ్యులుందురు, దానిని పాటించువారుందురు, మీరువారుందురు. కనుక శాసనమును చదువునపుడు ఇది నిజమా అని మాత్రమే కాక, దీనివలన ఎవరికేమి కావలెను అనికూడ అడుగవలెను.

మాన్యుమెంటును గూర్చి ఒక్కమాట. కామవరపుకోట దగ్గరి జీలకఱ్ఱగూడెము గుట్టపై గుంటుపల్లి బౌద్ధగుహలు కలవు, క్రీస్తుకు పూర్వపువి. అచ్చట ఒక గుండ్రని గుహ లోపలికప్పున కఱ్ఱవాసములు వేసినట్లే రాతిని తొలిచిరి. నడుమ రాతిస్తూపము. ఆ స్తూపమును చుట్టుప్రక్కల ప్రజలు ధర్మలింగేశ్వరుడని కొలిచిరి. పుస్తకము దానిని కట్టడమనును, పురావస్తుశాఖ స్మారకమనును. స్మారకమన్నచో గతించినదానికి గుర్తు. పూజ గతింపనిచోట ఆ మాట ఎంతవరకు నిలుచునో చెప్పుట కష్టము. అయినను ఆ మ్రొక్కులో బుద్ధుని పేరు మరుగైనదనుటయు సత్యమే. ఈ సీమ రైతుకు తవ్వకముల పరిభాష తెలియకున్నను పాటిదిబ్బ అను మాట తెలియును. పాడుపడిన పాత ఊరి దిబ్బ అది. అందలి బూడిదరంగు మన్ను సారవంతమని బండ్లతో పొలములకు తోలుట ఆచారము. అట్లు తోలిన మన్నుతో ఎన్ని పూసలు, ఎన్ని పెంకులు, ఎన్ని నాణెములు వరిచేలలో కలిసిపోయినవో లెక్క లేదు.

వంశమను మాట యొద్ద నిలువవలెను. ఇచ్చట వేంగీరేకుల సంపద ఎక్కువ. 'డైనాస్టీ' మూలార్థము అధికారము, ప్రభుత్వము. వంశము మొదట వెదురు. కణుపు తరువాత కణుపుగా పెరుగునది గనుక తండ్రి తరువాత కుమారునిగా సాగు సంతతికి ఆ పేరు వచ్చినది. తూర్పు చాళుక్యుల తామ్రశాసనములలో ఆ కణుపులను ఒక్కొక్కటిగా కొలిచిరి. ఎవరి తరువాత ఎవరు, ఏమి బంధుత్వము, ఎన్ని సంవత్సరములు ఏలెను అని. కుబ్జవిష్ణువర్ధనుడు 18 సంవత్సరములు. కొంతకాలమునకు ఇంద్రభట్టారకుడు 7 దినములు. మరికొన్ని కణుపుల తరువాత కొక్కిలి 6 నెలలు. గుణగ విజయాదిత్యుడు 44 సంవత్సరములు. చాళుక్యభీముడు 30 సంవత్సరములు. అమ్మరాజు తరువాత బేతవిజయాదిత్యుడు పదునైదు దినములు, తాళరాజు ఒక నెల, విక్రమాదిత్యుడు పదునొకండు నెలలు. ఈ పొట్టి అంకెలను వరుసగా చదివినపుడు 10వ శతాబ్ది ప్రథమార్ధమున వేంగి సింహాసనము చుట్టును జరిగిన దాయాదుల పోరు వర్ణన లేకయే కన్నులకు కట్టును.

ఏడు దినములు ఏలినవానిని వదలివేసినచో అడుగువారెవరు? ఏ కావ్యమునకును అతడు అక్కరకు రాడు. అయినను శతాబ్దముల తరువాతి లేఖకులు కూడ ఇంద్రభట్టారకుని ఏడు దినములను మానక చెక్కుచు వచ్చిరి.

క్రీ.శ. 1030 ప్రాంతమున అల్ బిరూనీ భారతదేశమును గూర్చి అరబ్బీ భాషలో వ్రాసిన గ్రంథమున, హిందువులు సంగతుల కాలక్రమమును పట్టించుకొనరని, రాజుల వరుస చెప్పుమన్నచో తడబడి కథలు చెప్పుదురని ఆక్షేపించెను. అతడు మహాపండితుడు, సంస్కృతము నేర్చినవాడు, మన శాస్త్రములను గౌరవముతో చదివినవాడు. కాని అతడు తిరిగినది వాయవ్యదేశము. అతడు ఆ మాట వ్రాయుచున్న దినములలోనే గోదావరీతీరమున రాజరాజనరేంద్రుడు ఏలుచుండెను. అతని లేఖకులు నాలుగువందల ఏండ్ల వరుసను నెలలు, దినములతో సహా రేకులకెక్కించుచుండిరి. 1817లో 'బ్రిటిష్ ఇండియా చరిత్ర'ను ప్రకటించిన జేమ్స్ మిల్ ఇదే ఆక్షేపణను ఇంకను కఠినముగా చేసెను. అతడు ఈ దేశమున అడుగు పెట్టనేలేదు. ఇరువురిని ఒక గాటను కట్టుట న్యాయము కాదు.

ఆ రేకులలోని అంకెల విలువ తెలిసినవాడు జాన్ ఫెయిత్‌ఫుల్ ఫ్లీట్. తూర్పు చాళుక్యుల కాలక్రమమును గూర్చి 1891లో అతడు ప్రకటించిన వ్యాసములకు ఆధారము ఈ రాజ్యకాలములే. రెండవ అమ్మరాజు పట్టాభిషేకమునకు శకము 867, మార్గశిర బహుళ త్రయోదశి, శుక్రవారము అని శాసనమున కలదు. గణితము చేయగా అది క్రీ.శ. 945 డిసెంబరు 5 అగును, వారమును సరిపడును. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకము శకము 944, సింహమాసము, బహుళ ద్వితీయ, గురువారము, క్రీ.శ. 1022 ఆగస్టు 16. పూజాసంకల్పమున నిత్యము వాడు తిథి వార నక్షత్రములే చరిత్రకారునకు తాళపుచెవులైనవి. అట్టి స్థిరమైన దినము నుండి వెనుకకు రాజ్యకాలములను కూడుచు పోయి ఫ్లీట్ వంశారంభమును 615గా నిర్ణయించెను. తరువాతివారు అనేకులు 624 అనిరి. భేదము తొమ్మిదేండ్లు.

రేకులు ఒకదానితో నొకటి అన్నిట ఏకీభవింపవు. మొదటి జయసింహునకు కొన్ని 30, కొన్ని 33 సంవత్సరములిచ్చును. నరేంద్రమృగరాజను బిరుదుగల రెండవ విజయాదిత్యునకు కొన్ని 40, కొన్ని 44, కొన్ని 48. అతడు పండ్రెండేండ్లు రాత్రింబవళ్ళు 108 యుద్ధములు చేసి, అన్నియే శివాలయములు కట్టించెనని చెప్పుదురు. జపమాలలోని పూసలును నూటయెనిమిదియే. యుద్ధములు సరిగా నూటయెనిమిదియా, లేక ఆలయముల సంఖ్య యుద్ధముల సంఖ్యను లాగినదా అని సందేహించుట తప్పు కాదు. కాని ఆ వాక్యమున రాజు తన హింసకు తాను పెట్టుకొన్న లెక్క కలదు; చంపిన ప్రతి చోటికి ఒక శివుడు.

ఇంతవరకు రేకులు 'హిస్టరీ'కి అనుకూలముగా ఉన్నవి. 11వ శతాబ్ది ఆరంభమున వాని ముఖము మారును. పూర్వపు చాళుక్యశాసనములు మానవ్యసగోత్రులమని, హారీతీపుత్రులమని, సప్తమాతృకలు పెంచినవారమని, నారాయణుని వరాహలాంఛనము గలవారమని మాత్రమే చెప్పి కుబ్జవిష్ణువర్ధనుని యొద్దకు వచ్చును. విమలాదిత్యుని రణస్తిపూడి శాసనము, రాజరాజనరేంద్రుని కోరుమిల్లి శాసనము అట్లు కాదు. నారాయణుని నాభికమలము నుండి బ్రహ్మ, అత్రి, చంద్రుడు, బుధుడు, పురూరవుడు అని మొదలిడి, భరతుని, పాండవులను, ఉదయనుని దాటి, అయోధ్యలో 59 చక్రవర్తులను కూర్చుండబెట్టి, వారిలో కడపటివాడైన విజయాదిత్యుని దక్షిణమునకు తెచ్చును. అతడు త్రిలోచనపల్లవునితో పోరి మరణించెను. గర్భవతియైన రాణి ముడివేము అగ్రహారము చేరగా విష్ణుభట్టసోమయాజి కన్నకూతురువలె కాపాడెను. పుట్టిన బిడ్డకు విష్ణువర్ధనుడని ఆ బ్రాహ్మణుని పేరు కలియునట్లు పేరు పెట్టిరి. అతని సంతతిని బాదామికి, అచ్చటి నుండి వేంగికి తెచ్చి, వెంటనే 18 సంవత్సరములు, 7 దినములు అని పాత లెక్కలను ఉన్నవి ఉన్నట్లు అందుకొనును. చంద్రునికిని ఇంద్రభట్టారకునికిని నడుమ గీత లేదు. రాగి కూడ అదే.

ఈ చంద్రవంశము అప్పుడే ఎందుకు వచ్చినది? చాళుక్యులు సింహాసనమును పోగొట్టుకొని, చోళుల యండతో తిరిగి పొందిన దినములవి. చోళులు సూర్యవంశజులమని చెప్పుకొనువారు. విమలాదిత్యుడు రాజరాజచోళుని కుమార్తె కుందవను వివాహమాడెను. సూర్యవంశపు అల్లునికి చంద్రవంశము కావలసివచ్చెనని చరిత్రకారులనుట సబబుగానే ఉన్నది. భక్తునకు ఇది రుచింపకపోవచ్చును. ఐనను పురాణవంశము ఒక రాజు అవసరమునకు వచ్చి నిలిచినంత మాత్రమున పురాణము కల్పితమని తేలదు. అది అంత గౌరవము గలదని మాత్రము తేలును. లేని ప్రతిష్ఠను ఎవ్వరును అరువు తెచ్చుకొనరు.

ఇక లెక్కల భాగమున దాగిన అసలు ముడి. దానార్ణవుని తరువాత, దైవదుర్విపాకముచే, వేంగీభూమి 27 సంవత్సరములు నాయకుడు లేక యుండెనని ఈ శాసనములు చెప్పును. తగిన పతిని పొందగోరి భూదేవి ఇరువదియేడేండ్లు తపస్సు చేసినట్లుండెనని ఒకచోట ఉత్ప్రేక్ష. ఎంత మనోహరమైన మాట! కాని భూమి నాయకుడు లేక ఉండలేదు. దానార్ణవుని చంపి వేంగిని ఏలినవాడు జటాచోడభీముడు. అతని కీర్తిని చెప్పు శాసనము కంచి కైలాసనాథాలయమున కలదు. ఏడు దినముల రాజును మరువని లేఖకులు ఇరువదియేడేండ్ల రాజును పేరెత్తక తుడిచివేసిరి. సంవత్సరములను మాత్రము తుడువలేదు. తుడిచినచో వరుస తప్పును, పట్టాభిషేకముల లెక్క కుదురదు. రాజును దాచి కాలమును ఉంచిరి.

నోటుపుస్తకములోని గీత ఇచ్చట పనిచేయదు. అత్రి, చంద్రుడు అనుచోట భక్తితో వ్రాసిరి, 27 సంవత్సరములు అనుచోట లెక్కగా వ్రాసిరి. బుద్ధిపూర్వకముగా సత్యమును దాచినది లెక్కగా కనబడు చోటనే. దాచిన సత్యమును పట్టి ఇచ్చినదియు ఆ లెక్కయే. పురాణమనగానే అసత్యమనువాడును, శాసనమనగానే ప్రమాణమనువాడును కోరుమిల్లి రేకుల ముందు సమానముగా తడబడవలసినదే.

రాజరాజనరేంద్రునకు తాను పాండవుల సంతతివాడనన్నది రేకుపై అలంకారము మాత్రమే కాదు. తన వంశకర్తల కథ గనుక మహాభారతమును తెలుగున వినగోరెనని నన్నయభట్టారకుడు అవతారికలో చెప్పెను. ఆంధ్రభాషలో ఆదికావ్యము పుట్టుటకు కారణము ఒక రాజు ఇతిహాసమును కుటుంబచరిత్రగా తలచుట. ఆ నన్నయయే మరియొక పని చేసెను. భారతరచనలో తనకు తోడ్పడిన నారాయణభట్టునకు రాజు తన 32వ రాజ్యసంవత్సరమున, అనగా 1053 ప్రాంతమున, నందంపూడి అగ్రహారమును ఇచ్చెను. సంస్కృత కర్ణాట ప్రాకృత పైశాచిక ఆంధ్రభాషలలో కవియని అతనిని మెచ్చుకొనిన ఆ దానశాసనమునకు కావ్యకర్త నన్నయభట్టు. ఇతిహాసమును తాటాకుపై వ్రాసిన చేయియే భూదానపు పొలిమేరలను రాగిపై ఏర్పరచినది. ఏది చరిత్ర, ఏది పురాణము అని ఆయనను అడిగినచో ప్రశ్న అర్థమగుటకే కొంత సమయము పట్టియుండును. అయినను పొలిమేరలో ఏ చెరువు ఎటు ఉన్నదో తప్పు వ్రాసినచో ఊరు ఊరుకొనదని ఆయనకు తెలియును. పద్యమున ధర్మసూక్ష్మము, రేకుపై గట్టుసూక్ష్మము. దేని కచ్చితత్వము దానిది.

దానశాసనముల తుదిని శాపవాక్యములుండును. తాను ఇచ్చిన భూమినైనను, పరులు ఇచ్చిన భూమినైనను అపహరించువాడు అరువదివేల సంవత్సరములు అశుద్ధమున పురుగై పుట్టునని చెప్పు శ్లోకము తూర్పు సముద్రము నుండి పడమటి సముద్రము వరకు వేలకొలది రేకులపై కనబడును. వానిని వ్యాసుడు పలికెనని పెక్కు శాసనములు పేర్కొనును. రాజు చనిపోవును, రాజ్యము మారును, జటాచోడభీముని వంటివాడు వచ్చి కూర్చుండును. వచ్చినవాడు ఆ దానమును కాపాడునట్లు చేయుటకు సేన లేదు, న్యాయస్థానము లేదు. వ్యాసుని మాట ఉన్నది. సరిహద్దులు, గోత్రము, తిథి, వారము అన్నియు ముగిసిన పిమ్మట లేఖకుడు ఆ మాటను చెక్కి, దాని క్రింద ఆజ్ఞ నడిపిన అధికారి పేరు, కావ్యకర్త పేరు, చెక్కినవాని పేరు వ్రాసి రేకు ముగించెను. కోరుమిల్లి శాసనమునకు కావ్యకర్త చేతనభట్టు, లేఖకుడు గండాచార్యుడు.